బాదం అంటే ఏ బాదం?

ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

తిండి అలర్జీల గురించి ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్ళు రాసిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా పాపకి రెండున్నరేళ్ళు, బరువు 12 కిలోలు. అంగన్‌వాడీలో ఇచ్చిన ఛతువా పిండి పాలల్లో కలిపి పెట్టాను. పావుగంటలో పెదాలు వాచాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, రెండుసార్లు వాంతి చేసుకుంది. వీధిలో డాక్టరు గారు ఏవిల్ ఇంజెక్షన్ చేస్తే సాయంత్రానికి తగ్గింది. కొంచెం కొంచెంగా పెడితే అదే అలవాటవుతుందని మా అత్తగారు అంటున్నారు. అంగన్‌వాడీ దిదిని అడిగితే అందులో బాదం ఉంటుందన్నారు. బాదం పప్పు ఇంట్లో చాలాసార్లు పెట్టాను, ఏమీ కాలేదు. మరి దేనివల్ల? – ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: ముందు ఆ బాదం సంగతి చూద్దాం తల్లీ. దిది చెప్పింది మీరనుకున్న బాదం కాదు. ఒడియాలో వేరుశనగని చినాబాదాం అంటారు, మాటల్లో ఉత్త బాదాం అనేస్తారు. మన బాదం పప్పు వేరు, వాళ్ళ బాదాం వేరు. ఈ ఒక్క మాట దగ్గరే సరిహద్దు జిల్లాల్లో ఎంతోమంది పొరపడతారు.

ఛతువాలో సాధారణంగా ఉండేవి గోధుమ, సెనగ, వేరుశనగ, పంచదార. మీ పాప రోజూ పాలు తాగుతూ, రొట్టె, ఉప్మా తింటూ, సెనగపిండి బజ్జీలు తిని బాగానే ఉంటే పాలు, గోధుమ, సెనగ దాదాపు పక్కకి పోతాయి. మిగిలేది వేరుశనగ. ఇది అనుమానమే తప్ప నిర్ధారణ కాదు. తేలేదాకా వేరుశనగ తగిలినవేవీ పెట్టకండి. మిగతావి మానిపించనక్కర లేదు. ఎదిగే పిల్లకి భయంతో అన్నీ ఆపేస్తే బరువు పడిపోతుంది.

అత్తగారు మంచి ఉద్దేశంతోనే అన్నారు కానీ ఇంట్లో ఆ పని చెయ్యకూడదు. చర్మం మీద దద్దుర్లు, దానితోపాటు కడుపులో వాంతులు, అంటే ఒంట్లో రెండు చోట్ల ఒకేసారి గొడవ మొదలైంది. వైద్యులు దీన్ని అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి వచ్చే తీవ్రమైన అలర్జీ) కిందే లెక్క కడతారు. మొదటిసారి తగ్గింది కదా అని రెండోసారీ అంతే ఉంటుందన్న హామీ లేదు, అప్పుడు గొంతు మూసుకుపోవచ్చు. కొద్దికొద్దిగా అలవాటు చేసే చికిత్స ఒకటి నిజంగానే ఉంది. అందులో మిల్లీగ్రాముల్లో తూచి ఇస్తారు, మోతాదు పెంచిన ప్రతిసారీ ఆసుపత్రిలో కూర్చోబెట్టి చూస్తారు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని కాగితం మీద రాసి పెట్టడం. ఏం తింది, ఎన్ని చెంచాలు, తిన్న ఎన్ని నిమిషాలకి ఏది ముందు కనబడింది, ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, ఎప్పుడు తగ్గింది. వాచిన పెదాల ఫోటో ఉంటే దాచండి. పరీక్షల కంటే ముందు డాక్టరుకి పనికొచ్చేది ఈ కాగితమే. తరువాత పిల్లల డాక్టరు దగ్గరికో, బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకో తీసుకెళ్ళండి. ముంజేతి మీద చేసే స్కిన్ ప్రిక్ పరీక్షలో 15–20 నిమిషాల్లో 3 మిల్లీమీటర్లు, అంతకు మించి బొబ్బ లేస్తే పాజిటివ్ అంటారు. అలర్జీ వచ్చిన వెంటనే చేస్తే తప్పుగా నెగెటివ్ రావొచ్చు కాబట్టి 4–6 వారాలు ఆగుతారు. సెట్రిజిన్, ఏవిల్ లాంటివి వారం ముందు నుంచి ఆపాలి, లేకపోతే బొబ్బ లేవదు. రక్తంలో స్పెసిఫిక్ ఐజీఈ (అలర్జీ రేపే యాంటీబాడీ) చూసే పరీక్షకి ఈ మందులు అడ్డు కావు.

వందల రకాల తిండికి ఒకేసారి పరీక్ష అని అమ్మే ప్యాకేజీల జోలికి వెళ్ళకండి. వాటిలో ఐజీజీ అనే వేరే రకం యాంటీబాడీని చూసేవి అలర్జీని చెప్పలేవు. ఐజీఈ పరీక్షలో పాజిటివ్ వచ్చినా, పాప ఆ పదార్థాన్ని హాయిగా తింటుంటే అది అలర్జీ కాదు. అలాంటి కాగితం చూసి ఇరవై రకాలు మానిపించిన ఇళ్ళు ఉన్నాయి. ఆ పిల్లలకి పోషణ తగ్గడం తప్ప ఒరిగిందేమీ లేదు.

దిదికి విషయం చెప్పి, పాపకి ఛతువా ఇవ్వొద్దని రిజిస్టరులో రాయించండి. వేరుశనగ–బెల్లం ఇచ్చే రోజు కూడా జాగ్రత్త.

ప్రశ్న: గోపాలపురంలో సాయంత్రం కొన్న కానాగంతలు రాత్రి పులుసు పెట్టుకున్నాం. తిన్న అరగంటకి నాకు, మా ఆయనకి, మరిదికి ముగ్గురికీ మొహం కాలినట్టు ఎర్రబడింది. తలపోటు, గుండె దడ, విరోచనాలు. తినని అత్తగారికి ఏమీ లేదు. మాకందరికీ చేపల అలర్జీ వచ్చినట్టేనా? – బరంపురం

జవాబు: కలిసి తిన్న ముగ్గురికి ఒకేసారి వచ్చిందంటే తప్పు చేపదే, మీ ఒంటిది కాదు. దీన్ని స్కాంబ్రాయిడ్ విషం అంటారు. కానాగంత, కవళ్ళు, ట్యూనా లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప చచ్చాక చల్లదనం లేకుండా గంటల తరబడి ఉంటే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. అలర్జీలో మన ఒళ్ళు విడుదల చేసేదీ హిస్టమినే. అందుకే రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

ఒకసారి తయారైన హిస్టమిన్ ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా, గడ్డకట్టించినా పోదు. వాసన, రంగు మామూలుగానే ఉండొచ్చు. నాలుక మీద మిరియం తగిలినట్టు చురుక్కుమంటే ఆ ముద్ద ఊసేయాలి. చాలామందికి ఒక రోజులోపు తగ్గిపోతుంది. దీనికి సెట్రిజిన్ లాంటి మందు బాగానే పనిచేస్తుంది. ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోతున్నా మాత్రం ఆసుపత్రికి పరుగెత్తాలి.

కొనేటప్పుడు చేప మీద రెండు ఐసు ముక్కలు చల్లి ఉంటే నమ్మొద్దు. మన ఎండలకి కిలో చేపకి కిలో ఐసు కావాలి, చేప అడుగునా పైనా ఐసుండాలి. మొప్పల దగ్గర వేలు పెడితే చల్లగా తగలాలి. సంతనుంచి ఇంటికి గంట ప్రయాణమైతే ఐసు పెట్టించుకుని తేవాలి.

అదే ఇంట్లో నలుగురు తిన్నా ప్రతిసారీ ఒక్కరికే, ఏ బోటు చేప తెచ్చినా వస్తుంటే అప్పుడు అది అలర్జీయే. చిల్కా రొయ్యలు తినే ప్రాంతం కాబట్టి ఇది కూడా చెప్పాలి. రొయ్య పడనివాళ్ళకి పీత కూడా పడకపోవడం ఎక్కువ, రెండిట్లో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను ఒకటే. చేపలో గొడవ పెట్టే ప్రోటీను వేరు, కాబట్టి రొయ్య పడకపోయినా చేప పడొచ్చు. అయితే రొయ్యలు వేపిన నూనెలోనే చేప వేపితే లాభం లేదు. కొందరికి రొయ్యలు ఉడికే ఆవిరి పీల్చినా ఆయాసం వస్తుంది. వంకాయ కూరలో, గోంగూరలో ఎండు రొయ్యల పొడి కనబడదు, అడిగి తినాలి.

ప్రశ్న: మాది గుణుపురం అవతల పల్లె. పెద్దాసుపత్రి దూరం. అలర్జీ ముదిరితే దారిలో ఏం చెయ్యాలి? ఏవిల్, డెక్సా ఇంట్లో ఉంచుకున్నాం, చాలవా? – రాయగడ జిల్లా

జవాబు: చాలవు. ఈ ఒక్క జవాబు చదివి పక్కింటివాళ్ళకీ చెప్పండి.

ప్రాణం నిలబెట్టేది అడ్రినలిన్. వాచిన గొంతుని తగ్గిస్తుంది, బిగిసిన ఊపిరి గొట్టాల్ని తెరుస్తుంది, పడిపోతున్న బీపీని లేపుతుంది. ఏవిల్ దురద, దద్దుర్లు తగ్గిస్తుందే కానీ గొంతునీ బీపీనీ కాపాడదు. డెక్సా స్టెరాయిడ్, అది పనిచెయ్యడానికి గంటలు పడుతుంది. ఏవిల్ వేశాక దద్దుర్లు తగ్గుతుంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు, లోపల గొంతు మాత్రం వాస్తూనే ఉంటుంది. తిండి అలర్జీ ప్రాణం మీదికి రావడానికి అరగంట చాలు.

గొంతు బొంగురుపోవడం, మాట రాకపోవడం, మింగలేకపోవడం, పిల్లికూతలు, ఆగని దగ్గు, ఆగని వాంతులు, కళ్ళు తిరగడం, చంటిపిల్ల ఒక్కసారిగా వాడిపోయి మత్తుగా ఒరిగిపోవడం కనబడితే ఆలోచించొద్దు, వెంటనే అడ్రినలిన్ పడాలి. దద్దుర్లు లేకపోయినా అనాఫిలాక్సిస్ రావొచ్చు.

మోతాదు కిలో బరువుకి 0.01 మిల్లీగ్రాము. మన దగ్గర దొరికే ఆంప్యూల్ 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉంటుంది. అంటే 12 కిలోల పాపకి 0.12 మిల్లీలీటరు, 20 కిలోల పిల్లవాడికి 0.2, పెద్దవాళ్ళకి 0.5. అంతకు మించకూడదు. తొడ మధ్యలో బయటి వైపు కండలోకి, అవసరమైతే బట్టల మీదుగానే. పిరుదుకి కాదు, చర్మం కిందకి కాదు. ఆంప్యూల్లో మందుని నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండెకి ప్రమాదం. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో రెండో మోతాదు వెయ్యొచ్చు.

విదేశాల్లో వాడే పెన్ను లాంటి ఆటోఇంజెక్టరు మన ఊళ్ళలో మందుల షాపులో దొరకదు. డాక్టరు రాసిచ్చి, చేతిలో పెట్టి నేర్పిస్తే ఆంప్యూలు, సిరంజి ఇంట్లో ఉంచుకోవచ్చు. నేర్పించకుండా మాత్రం వద్దు, దశాంశం ఒక్క చోటు జరిగితే పదింతల మందు పడుతుంది. 1 మిల్లీలీటరు సిరంజి, దానికి అంగుళం సూది తీసుకోవాలి. ఇన్సులిన్ సిరంజి పనికిరాదు. దాని గీతలు యూనిట్లలో ఉంటాయి, సూది కండదాకా దిగదు. సిరంజి మీద ఎంతవరకు లాగాలో ఆ గీత దగ్గర డాక్టరు చేత మార్కరుతో గుర్తు పెట్టించండి. కంగారులో చెయ్యి వణుకుతుంటే అంకె కనబడదు, గుర్తు కనబడుతుంది. ఆంప్యూలు వెలుతురు తగలని డబ్బాలో ఉంచాలి. మందు గులాబీ రంగుకో, గోధుమ రంగుకో తిరిగితే, తేదీ దాటితే పారేయాలి.

ఇంట్లో లేదా? దగ్గర్లో పీహెచ్‌సీకి వెళ్ళండి, పెద్దాసుపత్రి దాకా ఆగొద్దు. టీకాల తరువాత ఇదే ప్రమాదం రావొచ్చు కాబట్టి టీకాలేసే ఏఎన్ఎం దగ్గర అడ్రినలిన్ కిట్ ఉండాలన్నది నియమం. ఇవాళే ఆవిడ్ని కలిసి కిట్ ఉందా, మా ఇంట్లో ఎవరికైనా అవసరమైతే ఎవర్ని లేపాలి అని అడిగి పెట్టుకోండి. 108కి ఫోన్ చేసినప్పుడు అలర్జీ, ఊపిరి ఆడటం లేదు అన్న రెండు ముక్కలు ముందు చెప్పండి.

మన పల్లెల్లో జరిగే పెద్ద పొరపాటు మనిషిని బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళడం. బీపీ పడిపోయిన మనిషిని నిలబెట్టినా, నిటారుగా కూర్చోబెట్టినా గుండెకి రక్తం అందక ఒక్క నిమిషంలో ప్రాణం పోవచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద దిండో బస్తానో పెట్టి ఎత్తు చెయ్యండి. ఆటో అయితే వెనక సీటు పొడుగునా పడుకోబెట్టండి. ఆయాసంతో పడుకోలేకపోతే కాళ్ళు చాపి ఆనుకుని కూర్చోనివ్వండి. వాంతులైతే పక్కకి, గర్భిణి అయితే ఎడమ పక్కకి తిప్పాలి. కొంచెం తేరుకున్నా లేచి నడవనివ్వొద్దు. మజ్జిగ, నిమ్మరసం పట్టొద్దు, వేలు పెట్టి కక్కించొద్దు.

తగ్గిందని వెంటనే ఇంటికి రాకండి. కొందరిలో కొన్ని గంటలకి మళ్ళీ తిరగబెడుతుంది, కనీసం 4–6 గంటలైనా ఆసుపత్రిలో చూస్తారు. తీవ్రంగా వచ్చినా, ఉబ్బసం ఉన్నా, ఇల్లు దూరమైనా రాత్రంతా ఉండటం మంచిది.

ప్రశ్న: మా పదేళ్ళ బాబుకి వేరుశనగ పడదని తేలింది. బంధువుల విందులకి, గుళ్ళకి ఎలా తీసుకెళ్ళాలి? ప్రసాదం కాదంటే తప్పు పడతారు. – జయపురం

జవాబు: ప్రసాదాన్ని కాదనక్కర లేదు. రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుని పక్కనున్న అమ్మమ్మ చేతిలో పెట్టమని బాబుకి నేర్పండి. భక్తికి లోటు లేదు. తరువాత చేతులు మాత్రం కడుక్కోవాలి, అదీ సబ్బుతో. శానిటైజరు సూక్ష్మజీవుల్ని చంపుతుంది కానీ వేరుశనగ ప్రోటీన్ని తీసెయ్యదు.

విందులో ప్రమాదం కనబడే పప్పు కాదు, కనబడనిది. పులిహోరలో వేరుశనగ గుళ్ళు ఏరేసి పెట్టడం మనవాళ్ళకి అలవాటు, అది చాలదు, పొడి అన్నానికి అంటుకునే ఉంటుంది. గుత్తి వంకాయ ముద్దలో, కూరలు చిక్కబడటానికి, చట్నీలో, ముఢీ (మరమరాల) మిక్చర్లో, చిక్కీ విరిచిన చేతుల్లో ఉంటుంది. వేయిస్తే పోతుందనుకోవడం పొరపాటు, వేయించిన వేరుశనగ అలర్జీని ఇంకా ఎక్కువ రేపుతుంది. రిఫైన్డ్ నూనెలో ప్రోటీను దాదాపు ఉండదు, గానుగ నూనెలో ఉంటుంది. గుళ్ళు వేపిన మూకుట్లోనే పూరీలు వేస్తే అవీ తినకూడదు.

చుట్టం ఇంటికి ముందురోజే వెళ్ళి వంటాయనతోనే మాట్లాడండి. వంటాయన ఒడియా అయితే చినాబాదాం, బాదాం అని రెండు మాటలూ చెప్పండి. వేరే అలర్జీలున్న పాఠకుల కోసం మరికొన్ని: రాశి అంటే నువ్వులు (మన రాశి కాదు), సొరిస ఆవాలు, బుట సెనగ, గహమ గోధుమ, ఖీర, దుధ రెండూ పాలే, ఛెనా పాల విరుగు, చింగుడి రొయ్య, కంకడా పీత. ఆవాలు పడనివాళ్ళకి బేసర కూరలు విషంతో సమానం, ఆవముద్ద లేకుండా బేసర లేదు. చీటీ మీద తెలుగులో, ఒడియాలో రాసి బాబు జేబులో, బడి సంచీలో, టీచరు దగ్గర ఉంచండి. పెద్ద పంక్తిలో కూర్చోబెట్టేటప్పుడు బాబుకి మొదటి వడ్డన చేయించండి. ఒక గిన్నెలో మునిగిన గరిటె ఇంకో గిన్నెలోకి వెళ్ళక ముందే విస్తట్లో పడుతుంది.

ప్రశ్న: జీడి గింజలు ఒలిచే పనికి వెళ్తాను. చేతులు నల్లబడి పొక్కుతున్నాయి. జీడిపప్పు తినడం మానెయ్యాలా? – గంజాం జిల్లా

జవాబు: అక్కర లేదమ్మా, ఇది తొక్కలోని నూనె చేసే పని. ఆ నూనె చర్మాన్ని కాలుస్తుంది, కొందరికి ఒకటి రెండు రోజులకి దురదతో పొక్కులు లేపుతుంది. మామిడి సొనతోనూ ఇలాగే జరుగుతుంది, రెండూ ఒకే కుటుంబం చెట్లు. పప్పు తిన్నాక నిమిషాల్లో పెదాలు వాచడం, వాంతి అవడం వేరే జబ్బు. అది ఉంటే పిస్తా కూడా మానాలి, ఆ రెండిటికీ చుట్టరికం ఎక్కువ. పనిలో నూనె ఇంకని రబ్బరు తొడుగులు వాడండి. బట్ట తొడుగు నూనెని పీల్చి చర్మానికి అంటిపెట్టేసి ఇంకా చెరుపు చేస్తుంది. తొడుగు లేనిచోట పని ముందు చేతులకి ఆముదం పట్టించి బూడిద అద్దుకోవడం పాత పద్ధతి, కొంత ఆసరా. కళ్ళు నలుపుకోవద్దు.

ప్రశ్న: ఆవు పాలు పడని పిల్లకి మేకపాలు పట్టొచ్చా? – ఛత్రపురం

జవాబు: వద్దు. ఆవు, గేదె, మేక పాలలో ప్రోటీన్లు దగ్గర దగ్గరగా ఒకటే, ఆవు పాలు పడని పిల్లల్లో ఎక్కువమందికి మేకపాలూ పడవు. తల్లిపాలు ఆపకండి. డబ్బా పాలు కావాల్సి వస్తే ఏది పట్టాలో డాక్టరు చెప్పాలి. పాలు తాగితే కడుపుబ్బరం, విరోచనం మాత్రమే ఉంటే అది లాక్టోజు అరగకపోవడం కావొచ్చు, పెద్దవాళ్ళలో అదే ఎక్కువ. పాల అలర్జీ పిల్లల్లో చాలామందికి వయసుతో పోతుంది. వేరుశనగది ఐదుగురిలో ఒకరికే పోతుంది.

ప్రశ్న: మా బాబుకి అన్నప్రాశన అయ్యింది. వేరుశనగ ఎప్పుడు మొదలుపెట్టాలి? మూడేళ్ళు నిండాకే మంచిదంటారు. – పర్లాకిమిడి

జవాబు: అది పాతమాట. 2015లో వచ్చిన లీప్ అధ్యయనంలో, తీవ్రమైన గజ్జి లాంటి ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 4–11 నెలల పిల్లలకి ముందే వేరుశనగ మొదలుపెడితే ఐదేళ్ళకి ఆ అలర్జీ 80 శాతానికి పైగా తగ్గింది. మీ బాబుకి అలాంటి ఎగ్జిమా ఉంటే ముందు డాక్టరుకి చూపించండి. లేకపోతే ఆరు నెలలు దాటాక వేయించిన గుళ్ళని మెత్తగా నూరి, గోరువెచ్చని నీళ్ళతో జారుగా కలిపి, మొదట చెంచా కొసంత పెట్టి పది నిమిషాలు చూసి తక్కినది పెట్టండి. పగటిపూట, ఒంట్లో బాగున్న రోజునే. పడితే వారానికి రెండు మూడుసార్లు మానకుండా పెట్టాలి. గుళ్ళు గుళ్ళుగా ఐదేళ్ళ దాకా వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ప్రశ్న: ప్యాకెట్ మీద ఏం చూడాలి? – కొరాపుట్

జవాబు: ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్య–పీత జాతి, పాలు, గుడ్డు, చేప, వేరుశనగ, జీడి–బాదం లాంటి పప్పులు, సోయా, పాడవకుండా కలిపే సల్ఫైటు కిలోకి 10 మిల్లీగ్రాములకి తగ్గకుండా ఉంటే ‘కంటెయిన్స్’ అని విడిగా రాయాలి. ‘మే కంటెయిన్’ అని ఉంటే అదే మిషను మీద వేరేవి కూడా తయారవుతాయని అర్థం, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నువ్వులు, ఆవాలు, సెనగ ఆ జాబితాలో లేవు. కాబట్టి అవి పడనివాళ్ళు ఆ ఒక్క లైను చూసి ఊరుకోకుండా పదార్థాల జాబితా మొత్తం చదవాలి, ‘స్పైసెస్’ అని మాత్రమే రాసి ఉంటే కొనకూడదు. మిఠాయి దుకాణంలో విడిగా తూచి ఇచ్చేదానికి ఈ రాత ఉండదు, అక్కడ ఛెనాపోడ తీసిన చాకుతోనే కాజు బర్ఫీ కోస్తారు. ఎప్పుడూ కొనే బిస్కెట్టయినా ప్రతిసారీ చదవండి, తయారీ మారినా రేపరు రంగు మారదు.